గజం మీద అర అంగుళం

మా తాత వైకుంఠం గజం కొలతలో మోసం చేస్తాడని నేను ఏడేళ్ల వయసు నుంచి అంటూ వచ్చాను. చాటుగా కాదు, ఆయన ముఖం మీదే, గిరాకీల ముందే అనేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా నా మీద చెయ్యెత్తలేదు. "పింటూ, నోరు మూసుకోని చాయ్ తాగు" అని సాసర్‌లో ఇంత పోసి నా వైపు జరిపేవాడు. నా అసలు పేరు కీర్తిప్రియ. ఆ పేరు పూర్తిగా పలికేలోపు గిరాకీ పక్క దుకాణానికి పోతుందని ఆయనే నన్ను పింటూ చేశాడు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పినప్పుడు ఇంట్లో నా తరఫున మాట్లాడింది కూడా ఆయనే. పేరు రాయడానికే అరగంట పట్టే పిల్ల పరీక్ష ఎప్పుడు రాస్తుందని ఆయన వాదన.

మా దుకాణం చార్మినార్ వెనక సందుల్లో ఉంది. గోటా అమ్ముతాం. చీరలకూ లంగాలకూ దుపట్టాలకూ అంచు మీద కుట్టే మెరుపు పట్టీనే గోటా అంటారు. దుకాణంలో ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి బయటికి రావాల్సిందే. అందుకని వ్యాపారమంతా ముందున్న చబుత్ర మీద జరిగేది. వేరే ఊళ్లలో అరుగు అంటారు, మా దగ్గర చబుత్ర. మాది నల్లరాతిది. మా తాతకు తాత కట్టించాడు. మోకాలెత్తు ఉండేది, ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడుగు. మధ్యకు కొంచెం ఎడమగా ఒక గుంత. ఒకే చోట నాలుగు తరాల వాళ్లు కూర్చుంటే రాయి కూడా లొంగిపోతుంది కాబోలు. తాత ఆ గుంతలో గిన్నెలో గిన్నె పెట్టినట్టు సరిపోయేవాడు. నేను అందులో కూర్చుంటే చుట్టూ ఇంకా బోలెడంత జాగా మిగిలేది. "నీకు ఇంక శానా ఏండ్లు పడతది" అనేవాడు.

ఆ చబుత్ర ముందంచులో రెండు ఇత్తడి మేకులు దిగ్గొట్టి ఉండేవి. ఒక మేకు దగ్గర కొస పట్టుకుని రెండో మేకు దాకా గోటా సాగదీస్తే ఒక గజం. సందులో అందరి దగ్గరా ఇనుప గజం బద్దలున్నా, మా తాత వాటిని ముట్టుకోలేదు. కొత్త గిరాకీ ఎవరొచ్చినా ముందు ఆ మేకుల కథ చెప్పేవాడు. గజమంటే ముప్పై ఆరు అంగుళాలు. కానీ వాళ్ల తాత ఆ మేకుల్ని ముప్పై ఆరున్నరకు కొట్టించాడు. ప్రతి గజం మీదా అర అంగుళం కొసరు, అడిగిన వాళ్లకే కాదు, అడగని వాళ్లకు కూడా. కథ అయిపోగానే నేను పక్క నుంచి అందుకునేదాన్ని.

"ముప్పై అయిదున్నర, అక్కా. జాగ్రత్త."

ఆడవాళ్లు నవ్వేవాళ్లు. తాత తల అడ్డంగా ఊపి మళ్లీ కొలిచేవాడు. అదొక అలవాటైపోయింది, ఆయన చెప్పడం, నేను అనడం. నేను ఊళ్లో లేని రోజుల్లో కథ చెప్పి ఒక నిమిషం ఆగేవాడనీ, పక్కకు చూసేవాడనీ మా నాయనమ్మ నాగమణమ్మ ఒకసారి చెప్పింది.

పదేళ్లప్పుడు నేను దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చాను. మేకు మీద టేపు పెట్టబోతుంటే తాత నా మణికట్టు పట్టుకున్నాడు. కోపంగా కాదు. "మా తాత మాట మీద టేపు పెడతవా బిడ్డా?" అన్నాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన చబుత్ర మీద లేని సమయాలు వంద వచ్చి ఉంటాయి. బ్యాంకుకు పోయేవాడు, పెళ్లిళ్లకు పోయేవాడు, ఒకసారి కంటి ఆపరేషన్‌కు పదిరోజులు ఇంట్లోనే ఉన్నాడు. కొలవడానికి రెండు నిమిషాలు చాలు. నేను కొలవలేదు. ఆయన మాట మీద గౌరవంతో అనుకోకండి. ఒకవేళ ముప్పై ఆరున్నరే వస్తే నా వేళాకోళం ఒకటి పోతుందని కొలవలేదు.

రెండేళ్ల కిందట నాకు ఒక ఉద్యోగం దొరికింది. ఫోటోలతో కంప్యూటర్‌లో సందుల్నీ ఇళ్లనూ అచ్చంగా నిలబెట్టే కంపెనీ అది. నా పని ఒక పొడుగు కర్రకు కెమెరా తగిలించుకుని సందంతా తిరుగుతూ, ప్రతి గోడనీ ప్రతి మెట్టునీ నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీయడం. ఆ ఫోటోలన్నీ కంప్యూటర్‌లో వేస్తే, ఒక ఫోటోలోని గోడ పగులునూ ఇంకో ఫోటోలోని అదే పగులునూ అది జత చేసుకుంటుంది. అట్లా లక్షల మచ్చల్ని జత చేసి గోడకు ఆకారం కడుతుంది. తర్వాత సర్కారు వాళ్లు ఆ కంప్యూటర్ సందులో తాము వేయబోయే దీపాల్నీ బెంచీల్నీ నడకదారినీ పెట్టి చూసుకుంటారు. టాబ్లెట్ పట్టుకుని అసలు సందులోకి వచ్చి నిలబడితే, రేపు రాబోయే స్తంభం ఇవాళే కళ్ల ముందు నిలబడి కనిపిస్తుంది.

ఆఫీసులో కూర్చుని ఆ ఆకారాలు కట్టేది అనురాగ్. వయసులో నాకంటే మూడేళ్లు పెద్ద, ఓపికలో ముప్పై ఏళ్లు పెద్ద. మొదటి రోజే నాకు రెండు మాటలు చెప్పాడు. సందులో నడిచే మనుషులు మోడల్‌లో ఉండకూడదు, కనిపిస్తే తీసేస్తాం. రెండోది, మెరిసే వాటితో, ఏ మచ్చా లేని తెల్లటి వాటితో జాగ్రత్త, ఎందుకంటే జత చేసుకోవడానికి మచ్చ లేకపోతే కంప్యూటర్‌కు ఆ వస్తువు ఉన్నట్టే తెలియదు, అక్కడ బొక్క పడుతుంది. నేను అది నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. చదువుకునే రోజుల్లో రాసుకున్నవి ఎట్లా మరిచిపోయానో ఇదీ అట్లాగే మరిచిపోయాను.

మా సందు వంతు వచ్చింది. ముందురోజు సాయంత్రం దుకాణానికి పోయి, తాత పక్కన కూర్చుని, ఊరికే ఉండలేక ఆట పట్టించాను.

"రేపు నీ ఫోటో తీస్తరు తాతా. పెద్ద పెద్ద సార్లంత చూస్తరు. గీ మాసిన చబుత్ర మీద గిట్లనే కూసుంటవా? పెండ్లిచూపులకు తయారైనట్టు తయారుగావాలె."

మామూలుగా అయితే ఏదో ఒకటి తిరిగి అనేవాడు. ఆ రోజు అనలేదు. చబుత్ర కేసి, గోడ కేసి ఒకసారి చూసుకున్నాడు. నేను చాయ్ తాగి ఇంటికి పోయాను.

పొద్దున సందు అవతలి కొస నుంచి మొదలుపెట్టి మా దుకాణం దగ్గరికి వచ్చేసరికి పది దాటింది. తాత ఆరింటికే ధూల్‌పేట్ నుంచి ఆగయ్యను పిలిపించాడు. ఆగయ్య వినాయకుడి బొమ్మలకు రంగులేసే మనిషి, తాతకు చిన్ననాటి దోస్తు. బొమ్మకు అసలు రంగు వేసే ముందు ఒక తెల్లటి పూత వేస్తారు కదా, ఆ పూత తెచ్చి చబుత్ర మూడు వైపులా, వెనక గోడకూ నున్నగా కొట్టి పోయాడు. పైన నాయనమ్మ పెట్టెలో నుంచి తీసిన కొత్త తెల్ల చద్దర్ పరిచారు. మా వాళ్లలో పెద్ద బేరం కుదిరే రోజున, సంబంధం వాళ్లు వచ్చే రోజున గద్దె మీద కొత్త చద్దర్ పరచడం ఆనవాయితీ. కింద రంగు చిందిన మరకలు కనిపించకూడదని నాయనమ్మ దాని అంచుల్ని నేల దాకా లాగింది. మేకులు కనిపించడం లేదు. గుంత కనిపించడం లేదు. దాని మీద తెల్ల ధోవతి, తెల్ల లాల్చీ, తెల్ల మీసంతో మా తాత. అంతా కలిసి ఒక పెద్ద పెరుగు గడ్డలాగా ఉంది.

నవ్వి నవ్వి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఎదురు దుకాణంలో గాజులమ్మే ఖదీర్ భాయ్ కూడా నవ్వాడు, "సేఠ్, ఇంక బారాత్ ఒక్కటే తక్కువ" అన్నాడు. తాత నవ్వలేదు.

"మంచిగున్నదా?" అని నన్నడిగాడు.

ఆ చద్దర్ తీసేయమని, ఆ పూత మీద ఒక బకెట్ నీళ్లు కొట్టమని చెప్పాలి నేను. కానీ ఆయన అడిగిన తీరు చూస్తే నోరు రాలేదు. పైగా ఇంకా సగం సందు మిగిలి ఉంది, ఎండ ఎక్కుతోంది. "మస్తున్నది" అన్నాను. ఆయన కాలంలో ఫోటోకు కదలకుండా కూర్చోవాలని చెప్పేవాళ్లు. అందుకని నేను కర్ర పట్టుకుని నాలుగు పక్కలా తిరుగుతున్నంతసేపూ రెప్ప కూడా వేయకుండా కూర్చున్నాడు.

వారం తర్వాత నేను వేరే బస్తీలో పనిలో ఉండగా అనురాగ్ మెసేజ్ పెట్టాడు. పద్నాలుగో నంబర్ దుకాణం ముందు పెద్ద బొక్క పడింది, మధ్యలో గాలిలో ఒక తల తేలుతోంది, అసలు అక్కడ ఏముంది అని అడిగాడు. బొమ్మ కూడా పెట్టాడు. చుట్టూ ఏమీ లేదు, తాత ముఖం ఒక్కటే, నన్నే చూస్తూ. మళ్లీ నవ్వొచ్చింది. ఒక చేతిలో ఉస్మానియా బిస్కెట్ ఉంది, ఇంకో చేత్తో టైపు చేశాను.

"ఒక ముసలాయన ఉంటడు. తీసెయ్."

చివర నవ్వు బొమ్మలు మూడు పెట్టాను. ఆ ముసలాయన మా తాత అని అనురాగ్‌కు తెలియదు. మనుషుల్ని తీసేయాలన్నది అనురాగ్ చెప్పిన మాటే. తల తీసేసి, చుట్టూ ఉన్న నేలనే సాగదీసి ఆ బొక్క పూడ్చేశాడు. మోడల్ సర్కారు ఆఫీసుకు పోయింది. నేను ఆ సంగతే మరిచిపోయాను.

మూడు నెలలకు ఒక పొద్దున సర్కారు వాళ్లు నాలుగు టాబ్లెట్లు పట్టుకుని మా సందుకు వచ్చారు. రాబోయే నడకదారి ఎట్లా ఉంటుందో అందరూ చూసి చెప్పాలన్నారు. సందంతా ఎగబడింది. ఖదీర్ భాయ్ ముందుగా చూసి, మా దుకాణం ముందు పెద్ద దీపం స్తంభం వస్తోందని తాతకు ముబారక్ చెప్పాడు. తాత ధోవతికి చేతులు తుడుచుకుని టాబ్లెట్ అందుకున్నాడు. ఎత్తి చూశాడు. దించి తన చబుత్రను చూసుకున్నాడు. మళ్లీ ఎత్తి చూశాడు. అందులో గడప ముందు నున్నటి రాతి పలకలు, వాటి మధ్య స్తంభం.

"మరి నేను యాడ కూసుంట?" అన్నాడు.

ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. తాత చేతిలోని టాబ్లెట్ మీద వేలితో జరిపి, ఇది ఇప్పుడున్న సందు, మూడు నెలల కిందటిది అని చూపించాడు. అందులోనూ మా గడప ముందు చదును నేల. పాత రాతి చబుత్రలను ఉంచాలనే ప్లాన్‌లో ఉందనీ, ఈ సందులో అట్లాంటివి నాలుగు గుర్తించామనీ, సర్వేలో లేనివి తర్వాత కట్టినవిగా లెక్క అనీ, వాటిని తీసేస్తారనీ చెప్పాడు. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి.

తాత ముఖం వెలిగింది. నా వైపు తిరిగాడు.

"పింటూ, నువ్వే తీసినవు గదా. నీ ఫోటోల ఉంటది. చూపియ్."

ఆ ఫోటోలు ఆఫీసరు దగ్గరే ఉన్నాయి. తీసి చూపించాడు. నేల దాకా తెల్ల చద్దర్, దాని మీద మా తాత. చద్దర్ కింద రాయి ఉందో, బల్ల ఉందో, మంచం ఉందో ఎట్లా చెప్పను పెద్దాయనా అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నేనయినా చెప్పలేను. ఇప్పుడు ఎదురుగా ఉందిగా అంటే, ఇప్పుడు ఉండడం కాదు, అప్పుడు ఉన్నట్టు ఉండాలి అన్నాడు.

ఆ రాత్రి తాత నాయనమ్మ చేత పాత పెట్టెలు తీయించాడు. దుకాణం కాగితాలున్నాయి. అవి గడప లోపలి దాకానే. చబుత్ర సందు నేల మీద ఉంది కాబట్టి దానికి కాగితం ఎప్పుడూ లేదు. ఎవరూ అడగలేదు.

నేను అనురాగ్‌ను అడిగాను. మోడల్ తప్పని కంపెనీ ఒక లెటర్ ఇవ్వొచ్చు, కానీ ఆ బొక్క ఎందుకు పూడ్చామో అందులో రాయాలి, నువ్వు పెట్టిన మెసేజ్ జత చేయాలి అన్నాడు. రాయమంటావా అని అడిగాడు. పరీక్షల్లో తప్పినట్టు తప్పకుండా నేను చేస్తున్న మొదటి పని ఆ ఉద్యోగం. అప్పటికి నెలనెలా నాయనమ్మ చేతిలో జీతం పెట్టి, నా వైపు చూడమని తాతకు సైగ చేస్తున్నాను. ఆ మెసేజ్ చూస్తే ఇంటికి పొమ్మంటారని భయం వేసింది. "చూద్దాం" అన్నాను. తొమ్మిది రోజులు చూశాను. ఆ తొమ్మిది రోజులూ తాత నా ముందు ఆ మాటే ఎత్తలేదు. తానే రెండుసార్లు ఆఫీసుకు పోయి వచ్చాడు. ఏమన్నారంటే "చూస్తమన్నరు" అన్నాడు.

పదో రోజు పోయి మా పెద్ద సార్‌కు మొత్తం చెప్పేశాను. ఆయన కాసేపు నెత్తి పట్టుకుని, ఇంకోసారి ఇట్లా చేయొద్దని మాత్రం అన్నాడు. ఉద్యోగం పోలేదు. ఇంత చిన్న భయానికి తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాను. లెటర్ పదమూడో రోజు చేరింది. పరిశీలనలో ఉంది అన్నారు. అది పరిశీలనలో ఉండగానే, తీసేయాల్సిన వాటి జాబితా కాంట్రాక్టరుకు వెళ్లిపోయింది.

వాళ్లు వచ్చిన పొద్దున తాత ఒక ఆమెకు అయిదు గజాల గోటా కొలుస్తున్నాడు. రెండు గజాలు అయ్యాయి. గడ్డపారలు పట్టుకుని ఆరుగురు నిలబడ్డారు. తాత వాళ్లకు ఒక చెయ్యి చూపించి, మూడో గజం, నాలుగో గజం, అయిదో గజం కొలిచాడు. ఎప్పటికన్నా మెల్లగానేం కాదు, ఎప్పటిలాగే. కత్తిరించి, మడిచి, ఆమె చేతికిచ్చి, చబుత్ర దిగి పక్కకు నిలబడ్డాడు. నేను అరిచాను, లెటర్ ఉంది, ఆగండి అని. మేస్త్రీ తన కాగితం చూపించాడు. ఖదీర్ భాయ్ వచ్చి నాతో పాటు లొల్లి చేశాడు. తాతే మా ఇద్దర్నీ ఆపాడు. పని చేసేవాళ్ల మీద అరవొద్దన్నాడు.

నాలుగు తరాలు కూర్చున్న రాయిని తీయడానికి గంట కూడా పట్టలేదు. గుంత ఉన్న బండ మాత్రం ఒక పట్టాన లేవలేదు, రెండు ముక్కలు చేసి తీశారు. తాత మేస్త్రీని ఒక్కటే అడిగాడు, ఆ రెండు మేకులు కావాలని. ఒకటి వంగి ఊడొచ్చింది. రెండోది ఉన్న ముక్క అప్పటికే ట్రాక్టర్‌లో మిగతా రాళ్ల కింద ఉంది. నేను ఎక్కి వెతికాను. దొరకలేదు.

"ఒక్క మేకుతోని ఏం కొలుస్తం" అని తాత దాన్ని గల్లాపెట్టెలో వేశాడు.

అప్పటి నుంచి దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆయన లోపల కూర్చుంటే గిరాకీకి నిలబడే జాగా లేదు. ఆడవాళ్లు బయట స్తంభం పక్కన నిలబడి అడుగుతారు, కూర్చుని నాలుగు రకాలు చూసే ఓపిక ఎవరికుంటుంది. ఖదీర్ భాయ్ ఒక ఇనుప గజం బద్ద తెచ్చిచ్చాడు. తాత దాంతోనే కొలుస్తున్నాడు. కొన్నాళ్లకు నేను ఒకటి గమనించాను. బద్ద కొసకు గోటా పట్టుకుని, కత్తెర పెట్టే ముందు, బొటనవేలిని ఇంత ముందుకు జరుపుతాడు. తర్వాత కత్తిరిస్తాడు.

ఒక నెల గడిచాక నా ఫోన్ నిండిపోయిందని పనికిరాని ఫోటోలు తీసేస్తున్నాను. అందులో మా ఇంటి గ్రూపులో పెట్టి నవ్వుకోవడానికి ఎప్పుడో తీసినవి కనిపించాయి. ఎండాకాలం మధ్యాహ్నం, తాత చబుత్ర మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఏ పక్క నుంచి చూస్తే నోరు బాగా పెద్దగా కనిపిస్తుందో అని చుట్టూ తిరిగి, వంగి, స్టూలెక్కి నలభై ఒక్క ఫోటోలు తీశాను. పూత లేదు, చద్దర్ లేదు. నల్లరాయి, దాని మీద నూరేళ్ల మచ్చలు, అంచులో రెండు మేకులు, పక్కన గడప. ఫోటోల మీద తారీఖు కూడా ఉంది, సర్వేకు ఏడాది ముందుది.

అభ్యంతరం రాసివ్వడానికి ఉన్న పదిహేను రోజులూ అవి నా జేబులోనే ఉన్నాయి. పాత పెట్టెలన్నీ బోర్లించాం. నా ఫోన్ చూడాలని నాకు తట్టలేదు. అవి నా దృష్టిలో సాక్ష్యం కాదు, వేళాకోళం.

అనురాగ్‌కు పంపాను. ఈసారి ఆ ముసలాయన ఎవరో కూడా చెప్పాను. తర్వాతి ఆదివారం, సెలవు రోజున కూర్చుని మోడల్ కట్టాడు. చబుత్ర లేచింది. తాత దాని మీదే నిద్రపోతున్నాడు. వీపు వెనక నేను పోలేని చోట కొంచెం బొక్క ఉంది, మిగతా అంతా ఉంది. కానీ ఫోటోల నుంచి కట్టినదానికి ఆకారమే తెలుస్తుంది గానీ అసలు సైజు తెలియదట. అగ్గిపెట్టెంత ఉందో, చార్మినార్ అంత ఉందో దానికి తేడా లేదు. అందులో కనిపిస్తూ, ఇప్పటికీ ఉన్న వస్తువు ఒకటి కొలిచి చెప్పమన్నాడు.

ఉన్నది గడప ఒక్కటే. టేపు తీసుకుని పోయి తాత ముందు నిలబడ్డాను. ఎందుకో చెప్పాను.

"గడప మీద పెట్టుకో" అన్నాడు. "గడప ఎవలికి మాటియ్యలే."

నలభై ఒకటీ పావు అంగుళాలు. అనురాగ్‌కు చెప్పాను. దాన్ని బట్టి మొత్తం చబుత్రకు సైజు వచ్చింది. ఒక మేకు నుంచి రెండో మేకు దాకా ఎంతుందో చూడమన్నాను. ముప్పై ఆరున్నర అన్నాడు. మళ్లీ చూడమన్నాను. ఒక నూలు అటూ ఇటూ ఉండొచ్చు గానీ ముప్పై ఆరున్నరే, ఎందుకు అన్నాడు. ఏం లేదన్నాను.

మర్నాడు దుకాణం మూసే ముందు ఆ మోడల్‌ను ఫోన్‌లో పెట్టి తాతకు చూపించాను. బయట నడకదారి మీద ఫోన్ ఎత్తి పట్టుకుంటే, గడప ముందు చబుత్ర నిలబడింది. దీపం స్తంభం సరిగ్గా నిద్రపోతున్న తాత పొట్టలోంచి మొలిచినట్టుంది. ఆయన ఫోన్‌ను అటూ ఇటూ జరిపి, మేకుల్ని చూశాడు, గుంత కోసం చూశాడు. గుంత ఆయన కిందే ఉంది, కనిపించదు.

"నోరన్న మూసుకోని పంటే అయిపోవు" అన్నాడు.

"తాతా, ముప్పై ఆరున్నర వచ్చింది."

"ఎరికే."

నేను అప్పుడే చెప్పేయాలనుకున్నాను. ముసలాయన ఉంటడు, తీసెయ్ అని రాసింది నేనే అన్నాను. తొమ్మిది రోజుల సంగతి కూడా చెప్పాను. ఆయన ఫోన్‌లోంచి కళ్లు తీయలేదు.

"మీ కంపెనీ కాయితం వచ్చినంక మల్ల పోయిన, ఆఫీసుల చూపిచ్చిండ్రు బిడ్డా. నువ్వు రాసింది అండ్లనే ఉన్నది. పింటూ అని లేదు, కీర్తిప్రియ అని పూరా పేరు రాసిండ్రు. సదివేటందుకు నాకు జరసేపు పట్టింది."

అంటే ఆ గడ్డపారల వాళ్లు వచ్చిన పొద్దున ఆయనకు తెలుసు. నేను అరుస్తుంటే ఆపినప్పుడూ తెలుసు. నాయనమ్మకు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

ఇంతలో ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, దుపట్టాకు మూడు గజాల గోటా అడిగింది. కొత్త గిరాకీ. తాత ఫోన్ నా చేతికిచ్చి, లోపలికి పోయి, చుట్ట విప్పి, ఇనుప బద్ద మీద పరిచాడు. బొటనవేలు ముందుకు జరిపాడు. ఆమె చూసింది.

"గజం సక్కగ ఉంటదా సేఠ్?" అంది.

"గజమంటే ముప్పై ఆరు అంగుళాలమ్మా. మాది ముప్పై ఆరున్నర. మా తాత పెట్టిన కొలత" అన్నాడు తాత.

అని ఆగాడు. కత్తెర ఎత్తలేదు. పక్కకు, నేనున్న వైపు చూశాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఏమైందే" అన్నాడు. "అను."

"ముప్పై అయిదున్నర, అక్కా" అన్నాను. "జాగ్రత్త."

ఆమె నవ్వింది. తాత తల అడ్డంగా ఊపి, కత్తిరించాడు.